మెచ్చుకోలు చాటున దాగే ఆకలి

తరగతిలో మొదటి స్థానం, ఇంట్లో ఎదురు చెప్పని వినయం, అల్మారాలో మడత చెదరని దుస్తులు. ఇలాంటి అమ్మాయిని చూసి మనం మురిసిపోతాము. ఆమె కంచంలో అన్నం తగ్గుతున్నా, 'ఎంత నిగ్రహం!' అనే అనుకుంటాము. శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లోని మన ఇళ్లలో చోడి అంబలి సైతం వద్దనే పిల్లకు దిష్టి తగిలిందనో, పైత్యం చేసిందనో సరిపెట్టుకుంటాము. తిండికి సంబంధించిన మానసిక రుగ్మతలు నగరాల సంపన్నులకే వస్తాయన్నది మన అపోహ.

వీటిలో ప్రాణాలకే ముప్పు తెచ్చేది అనొరెక్సియా నెర్వోసా. 1870ల దశకంలో లండన్ వైద్యుడు విలియం గల్ దీనికి ఆ పేరు పెట్టాడు. దీని బారిన పడేవారిలో తరచుగా కొన్ని స్వభావాలు కనిపిస్తాయి. ఏ పనిలోనూ లోపం ఉండరాదన్న పట్టుదల, చిన్న తప్పుకే తనను తాను కఠినంగా నిందించుకోవడం, నియమం సడలితే భరించలేని ఆందోళన, బాధను మాటల్లో చెప్పుకోలేకపోవడం. మరేదీ తన చేతిలో లేదనిపించిన వేళ కంచమొక్కటే తన అధీనంలో ఉన్నట్లు తోస్తుంది. ఈ గుణాలున్న వారందరికీ జబ్బు వస్తుందని కాదు. మగపిల్లలకు రాదనీ కాదు.

మన ఇళ్లలో ఈ జబ్బుకు మరో ముసుగు దొరుకుతుంది. రమజాన్ ముగిశాక ఖజా రోజాలు, ఆపై సోమ, గురువారాల నఫిల్ రోజాలు. ఇఫ్తార్‌కు ఒక ఖర్జూరం, నాలుగు గుక్కల గంజి. సహరీకి మంచినీళ్లు. భక్తిని శంకించడానికి ఎవరికీ మనసొప్పదు కనుక ఎవరూ అడగరు. అయితే భక్తితో రోజా పాటించేవారు ఇఫ్తార్ కోసం ఎదురు చూస్తారు. జబ్బు పట్టిన మనసు ఆ వేళకు భయపడుతుంది. ఈ తేడా తల్లి కంటికి ఆనుతుంది.

హజ్రత్ అబూ దర్దా (రజి) పగళ్లు రోజాలలో, రాత్రులు నమాజులలో గడిపేవారు. ఒకసారి హజ్రత్ సల్మాన్ ఫార్సీ (రజి) ఇంటికి రాగా, ఆయన ముందు భోజనం ఉంచి, తాను రోజాలో ఉన్నానన్నారు. మీరు తినందే నేనూ ముట్టనన్నారు సల్మాన్. అబూ దర్దా తిన్నారు. ప్రభువుకున్నట్లే మన ప్రాణానికీ, కుటుంబానికీ మనపై హక్కుందని సల్మాన్ చెప్పిన మాటను దైవప్రవక్త (స) సత్యమన్నారు. ఈనాడు కౌమార వయసు వారికి బాగా ఫలిస్తున్న చికిత్సా ఇలాంటిదే. లండన్‌లోని మాడ్‌స్లీ ఆసుపత్రిలో రూపుదిద్దుకున్న ఈ పద్ధతిలో తల్లిదండ్రులే పక్కన కూర్చుని పూటపూటకూ తినిపిస్తారు.

మొండితనమని కసిరే ముందు మరొక సంగతి గమనించాలి. 1945లో అమెరికాలోని మిన్నెసోటా విశ్వవిద్యాలయంలో 36 మంది ఆరోగ్యవంతులైన యువకులు స్వచ్ఛందంగా ఆరు నెలలు అరకొర తిండితో గడిపారు. వారిని దిగులు, చిరాకు ఆవరించాయి. మనుషులకు దూరమయ్యారు. కొందరు వంటల పుస్తకాలు పోగుచేసుకున్నారు. అంటే మనం స్వభావమనుకునే దానిలో కొంత ఆకలి చేసిన పనే. వాదనతో అది తీరదు, తిండితోనే తీరాలి. అయితే చాలాకాలం పస్తులున్న శరీరానికి ఒక్కసారిగా ఎక్కువ తినిపించడం ప్రమాదం. అది వైద్యుని పర్యవేక్షణలో జరగాలి. నెలసరి ఆగినా, స్పృహ తప్పుతున్నా ఆలస్యం తగదు. రోగికి రోజా విషయంలో ఖుర్ఆనే (2:185) మినహాయింపు ఇచ్చింది.

టెలీ మానస్ 14416 నంబరుకు ఉచితంగా ఫోన్ చేసి తెలుగులోనే మాట్లాడవచ్చు. విశాఖపట్నం చినవాల్తేరులో ప్రభుత్వ మానసిక ఆసుపత్రి ఉంది. వెళ్లేటప్పుడు అమ్మాయి కొన్ని నెలల బరువు, నెలసరి తేదీలు రాసుకుని వెళ్తే వైద్యునికి సులువవుతుంది.