పేరు ఒకరిది, ఇంజను ఒకరిది
(స్త్రీల కార్యక్రమంలో ప్రసారమైన ప్రసంగం)



కారు పందేలతో మనకేం పని, అది మగపిల్లల సరదా కదా అని రేడియో కట్టెయ్యకండి. ఈవేళ నేను చెప్పబోయేది చక్రాల సంగతి కాదు, పేర్ల సంగతి. పట్టుచీర కొంటే ఏ వూరి నేతో అడుగుతాం. పచ్చడి సీసా కొంటే చీటీ చదువుతాం. కాని ఆ చీర నేసిన చెయ్యి ఎవరిదో, ఆ పచ్చడి కలిపిన చెయ్యి ఎవరిదో చీటీ మీద వుండొచ్చు, వుండకపోవచ్చు. మోటారు పందేల లోకంలో ఇదే వ్యవహారం కోట్లమీద నడుస్తుంది. ఖరీదైన కార్లు చేసే కంపెనీలు పందెం జట్లతో పొత్తు కలుపుకుని, కొందరు ఇంజను ఇస్తారు, కొందరు పేరు మాత్రమే ఇస్తారు. ఈ రెంటికీ ఎంత తేడా వుందో చూద్దాం.

అసలు ఈ కథకి మొదలే ఒక ఆడపిల్ల పేరు. నీస్ అని ఫ్రాన్సులో సముద్రతీరాన ఒక వూరుంది. అక్కడ ఎమిల్ యెల్లినెక్ అనే వ్యాపారస్థుడు కాపురం వుండేవాడు. ఆయన కూతురు పేరు మెర్సిడెస్. 1899లో ఆయన కారు పందేల్లో తన పేరు దాచి, కూతురి పేరుతో పాల్గొన్నాడు. జర్మనీలోని డైమ్లర్ కంపెనీకి వెళ్ళి, ఇంకా వేగంగా పోయే కారు చెయ్యండి, కొంటాను, కాని దానికి మా అమ్మాయి పేరు పెట్టాలి అన్నాడు. విల్హెల్మ్ మేబాక్ అనే ఇంజనీరు ఆ కారు తయారుచేశాడు. 1901 మార్చిలో నీస్ పందేల్లో అది అందరినీ మించిపోయింది. అప్పటికి ఆ పిల్లకి పన్నెండేళ్ళు కూడా నిండలేదు. 1903లో ఆ తండ్రి కూతురి పేరుని తన ఇంటిపేరులో చేర్చుకున్నాడు కూడా! చేసింది మేబాక్, డబ్బు పెట్టింది యెల్లినెక్, పేరు మాత్రం మెర్సిడెస్‌ది. పందెంలో గెలిచిన పేరుకి బజారులో విలువ వస్తుందని అప్పుడే తేలిపోయింది.

ఇప్పుడు పందెం కారు ఎలా తయారవుతుందో కాస్త చెప్పుకుందాం. ఫార్ములా వన్ అనే పందేలు 1950 నించి ఛాంపియన్‌షిప్‌గా జరుగుతున్నాయి. ఇందులో ప్రతి జట్టూ కారు చట్రాన్నీ, దాని ఆకారాన్నీ తనే రూపొందించుకోవాలి. ఇంజను మాత్రం సొంతంగా చేసుకోవచ్చు, లేకపోతే ఇంకొకరి దగ్గర తెచ్చుకోవచ్చు. ఇటలీవారి ఫెరారీ మొదటినించీ రెండూ తనే చేసుకుంటోంది. అందరికీ అంత స్తోమతు వుండదు గదా!

పెళ్ళిభోజనం సంగతి తీసుకోండి. శుభలేఖ మీద పెళ్ళివారి పేరుంటుంది. గాడిపొయ్యి దగ్గర నిలబడేది వంటవాళ్ళు. పులుసు బాగుంటే ఫలానావారి పెళ్ళిలో భోజనం ఎంత బాగుందో అంటారు. మాడితే మాత్రం, వంటవాడెవడమ్మా అని ఆరా తీస్తారు. పందెం కార్లలోనూ ఇదే వరస.

ముందుగా, వంటచేసి పేరు వదులుకున్నవారి కథ చెబుతాను. పోర్షే అని జర్మనీలో ఖరీదైన కార్లు చేసే కంపెనీ. 1980ల మొదట్లో ఇంగ్లండు జట్టు మెక్‌లారెన్ వారు మాకొక ఇంజను చేసిపెట్టండి అని అడిగారు. చేస్తాం, ఖర్చు మాత్రం మీదే అన్నారు వాళ్ళు. అప్పుడు ట్యాగ్ అనే వ్యాపార సంస్థ ఆ ఖర్చంతా భరించింది. అంచేత ఇంజను మీద ట్యాగ్ పేరు ఘనంగా వెలిసింది, పోర్షే తయారీ అన్న మాట చిన్న అక్షరాల్లో మిగిలింది. ఆ ఇంజను 1984 నించి 1987 దాకా 25 పందేలు గెలిచింది. 1984లో దానితో నికీ లాడా విశ్వవిజేత అయ్యాడు, అదీ సాటి ఆటగాడు ఆలాన్ ప్రోస్ట్ కంటే అర పాయింటు తేడాతో! తరవాత రెండేళ్ళూ ప్రోస్టే గెలిచాడు. తెలిసినవాళ్ళకి అది పోర్షే ఇంజనని తెలుసు. రికార్డు పుస్తకాల్లో మాత్రం ట్యాగ్ అనే వుంది.

ఇక, వంటతో నిమిత్తం లేకుండా శుభలేఖ మీద పేరు వేయించుకున్నవారి కథ. జేమ్స్ బాండ్ సినిమాల్లో కనిపించే ఆస్టన్ మార్టిన్ కారు మీకు గుర్తుండే వుంటుంది. 2018లో ఆ ఇంగ్లీషు కంపెనీ రెడ్‌బుల్ జట్టు పేరుకి ముందు తన పేరు చేర్చుకుంది. రెడ్‌బుల్ అంటే డబ్బాల్లో అమ్మే పానీయం. మరి ఇంజను? అది ఫ్రాన్సులో రెనో కంపెనీవారు చేసింది. పోనీ దాని మీద రెనో అని వుందా? లేదు, ట్యాగ్ హోయర్ అని ఒక గడియారాల కంపెనీ పేరుంది! పానీయం, కారు, గడియారం, ఇంజను, ఒక్క బండి మీద నలుగురి వ్యాపారం. ఆ ఏడాది ఆ బండి గెలిచిన ప్రతిసారీ ఆస్టన్ మార్టిన్ పేరు మైకులో మోగింది. ఆ ఇంజనులో ఆ కంపెనీవారు బిగించిన మర ఒక్కటీ లేదు.

2021లో ఆస్టన్ మార్టిన్ పేరు వేరే జట్టుకి, ఈసారి పూర్తిపేరుగా మారింది. ఆ కంపెనీలో పెట్టుబడి పెట్టిన లారెన్స్ స్ట్రోల్ తన జట్టుకే ఆ పేరు పెట్టాడు. అప్పుడు ఇంజను మెర్సిడెస్ వారిది. 2017 నించి ఆ కంపెనీ రోడ్డు మీద నడిచే తన కార్లలో కొన్నింటికి కూడా మెర్సిడెస్ ఇంజన్లే వాడింది.

అయితే ఇదంతా మోసమేనా అంటారేమో. మోసం కాదు, అన్నీ రాతకోతలతో జరిగేవే. జట్టుకి డబ్బు కావాలి. కంపెనీకి, మా బండి కూడా ఆ పందెం బండికి చుట్టమే అన్న నమ్మకం జనంలో కలగాలి. ఆదివారం గెలిస్తే సోమవారం అమ్ముడవుతుందని అమెరికాలో కార్ల వ్యాపారులు అనేవారట.

ఇంజను చేసి ఇచ్చేవారికి మాత్రం పేరుతో పాటు విద్య కూడా మిగులుతుంది. 2014లో ఫార్ములా వన్ నిబంధనలు మార్చి, పందెమంతటికీ 100 కిలోల ఇంధనమే వాడాలన్నారు. దాంతో, బ్రేకు వేసినప్పుడు వృథాగా పోయే శక్తినీ, పొగతో పోయే వేడినీ కరెంటుగా మార్చి మళ్ళీ వాడుకునే ఇంజన్లు వచ్చాయి. మామూలు పెట్రోలు కారులో పోసిన ఇంధనంలో సుమారు మూడోవంతు మాత్రమే పనికొస్తుంది, తక్కినది వేడిగా పోతుంది. మన కట్టెలపొయ్యి మంట సగం గిన్నె పక్కనించి పోయినట్టన్నమాట. 2017లో మెర్సిడెస్ వారు తమ పందెం ఇంజను పరీక్షశాలలో సగానికి పైగా ఇంధనాన్ని పనికి వచ్చేలా చేసిందని చెప్పారు. పొదుపు తెలిసిన మనకి ఆ గొప్ప చప్పున బోధపడుతుంది.

ఆ మెర్సిడెస్ వారు కూడా పందేల్లోకి తిరిగి ఎంత జంకుతూ వచ్చారో చూడండి. 1955లో ఫ్రాన్సులోని ల మాన్ పందెంలో వారి కారు జనంలోకి దూసుకుపోయి 80 మందికి పైగా చనిపోయారు. ఆ ఏటి చివర పందేలు మానేశారు. 1993లో స్విస్ జట్టు సౌబర్ ఫార్ములా వన్‌లోకి వచ్చినప్పుడు, బండి మీద మా ఆలోచన అన్నట్టుగా మాత్రమే రాయించుకున్నారు. గుమ్మం దగ్గర నిలబడి లోపలికి తొంగిచూసినట్టు! ఏడాది తరవాత ఇంజను మీద పేరు వేశారు. 1995లో మెక్‌లారెన్‌తో కలిశారు. ఆ ఇంజన్లు చేసింది ఇంగ్లండులో ఇల్మోర్ అనే చిన్న సంస్థ. పోనుపోను ఆ కర్మాగారాన్నే కొనేశారు. వంటవాడిని ఇంటివాడిని చేసుకున్నారన్నమాట.

పేరు పెట్టినవాళ్ళు మధ్యలో లేచిపోతే ఏమవుతుంది? 2008 డిసెంబరులో ప్రపంచమంతా డబ్బుకి కటకటలాడుతున్న వేళ హోండా కంపెనీ తన జట్టుని వదిలేస్తున్నానని ప్రకటించింది. ఇంగ్లండులో బ్రాక్లీ అనే చిన్న వూళ్ళో వున్న ఆ కర్మాగారం మీద వందల కుటుంబాలు బతుకుతున్నాయి. జట్టు నాయకుడు రాస్ బ్రాన్ దాన్ని నామమాత్రంగా ఒక్క పౌనుకి తీసుకుని, మెర్సిడెస్ ఇంజను పెట్టి 2009లో రెండు ఛాంపియన్‌షిప్‌లూ గెలిచాడు. అయినా వందలమందికి ఉద్యోగాలు పోయాయి. గెలుపు వార్త పేపర్లలో పెద్దగా వచ్చింది, వాళ్ళ సంగతి అంత పెద్దగా రాలేదు. తరవాత ఆ జట్టుని మెర్సిడెస్ కొనుక్కుంది. 2014 నించి 2021 దాకా వరసగా ఎనిమిదేళ్ళు జట్ల ఛాంపియన్‌షిప్ దానిదే.

ఇక మన గడపదాకా వచ్చిన కథ, జాగ్వార్‌ది. ఆ పేరు అప్పట్లో అమెరికా ఫోర్డ్ కంపెనీ చేతిలో వుండేది. వాళ్ళు ఒక జట్టుని కొని 2000లో జాగ్వార్ అని పేరు పెట్టారు. ఇంజన్లు కాస్‌వర్త్ వారివి. అయిదేళ్ళల్లో ఒక్క పందెమూ గెలవలేదు. 2004లో మొనాకో పందెంలో ఒక సినిమా ప్రచారం కోసం కార్ల ముక్కుకి అసలు వజ్రాలు పొదిగారు. మొదటి చుట్టులోనే ఒక కారు కంచెకి కొట్టుకుంది, లక్షల విలువచేసే వజ్రం మాయమైంది. ఈనాటికీ దొరకలేదు! ఆ ఏడాదే జట్టుని రెడ్‌బుల్‌కి అమ్మేశారు. 2010 నించి వరసగా నాలుగేళ్ళు విశ్వవిజేతగా నిలిచింది ఆ కర్మాగారమే, పేరు మాత్రం వేరు.

జాగ్వార్‌ని 2008లో మన టాటావారు కొన్నారు. 2023 ఫిబ్రవరి 11న హైదరాబాదులో హుస్సేన్‌సాగర్ ఒడ్డున ఫార్ములా ఇ అనే విద్యుత్ కార్ల పందెం జరిగినప్పుడు, జాగ్వార్‌కి అది పుట్టింటి పందెంలాంటిది. ఈ పందేల్లో చట్రమూ, బ్యాటరీ అందరికీ ఒకటే. మోటారూ, దాన్ని నడిపే సామగ్రీ మాత్రం ఎవరివి వారివి, లేదా కొనుక్కోవచ్చు. ఆ రోజు మలుపులో ఒక జాగ్వారు రెండో జాగ్వారునే గుద్దింది, రెండూ ఆగిపోయాయి. అదే జాగ్వార్ యంత్రాన్ని కొనుక్కున్న ఎన్విజన్ జట్టు రెండోస్థానంలో వచ్చింది. మొదటిది డీఎస్ పెన్స్కీ, అంటే ఫ్రాన్సు ఖరీదైన కార్ల కంపెనీ, అమెరికా జట్టూ కలిసిన పొత్తు. ఆ సీజను చివర జట్ల ఛాంపియన్‌షిప్ కూడా ఎన్విజన్‌దే, జాగ్వార్‌ది రెండోస్థానం. అమ్మినవారిని కొన్నవారు మించారు! 2024లో హైదరాబాదులో జరగవలసిన పందెం రద్దయింది.

చివరిగా ఒక్క మాట. పేరుని చిన్నచూపు చూడమని నేననను. ఏళ్ళతరబడి కష్టపడితే నిలిచేదే పేరు. కాని అది చేతులు మారే వస్తువు కూడాను. రేపు మిక్సీ కొన్నా, ఫ్రిజ్ కొన్నా, మీ అబ్బాయి మోటారుసైకిలు అడిగినా, పైనున్న పేరు చదివి అక్కడితో ఆగకండి. లోపలి మోటారు ఎవరు చేశారు? పాడైతే ఎవరు బాగుచేస్తారు? అయిదేళ్ళ తరవాత విడిభాగాలు దొరుకుతాయా? దుకాణదారుని అడగండి, మొహమాటపడకండి. డబ్బిచ్చేది మనమే గదా!