తడి కట్టెలకు మైనపు ఉండలు

1902వ సంవత్సరముననే శివనసముద్రము నుండి విద్యుత్తును పొందిన ఊరు మన బంగారు గనుల ఊరు. అయినను కార్తిక వనభోజనమునకు బేతమంగలము చెరువు గట్టునకో, శ్రీనివాసపురము మామిడితోటలకో పోయినప్పుడు మూడు రాళ్ల పొయ్యియే మనకు గతి. ముందురోజు వాన కురిసెనా, కట్టె అంటుకొనదు. పొగ మాత్రము కన్నుల నీరు తెప్పించును.

ఒకమారు మాలో ఒకరు విసిగి, పొగలు గ్రక్కుచున్న పొయ్యిలో కిరసనాయిలు పోసిరి. మంట భగ్గున లేచి ముంజేతి వెండ్రుకలు కాలెను. అదృష్టవశమున అంతటితో పోయినది. నాటినుండి మేము కిరసనాయిలు మాని, ఇంట చేసికొన్న మైనపు ఉండలను తీసికొనిపోవుచున్నాము.

వీనికి కావలసినవి కొబ్బరిపీచు, మిగిలిన కొవ్వొత్తి ముక్కలు, అంతే. పెద్ద గిన్నెలో నీరు కాచి, అందులో చిన్న డబ్బానుంచి మైనమును కరగింపవలెను. మైనము సుమారు 60 డిగ్రీల సెంటిగ్రేడు వద్ద కరగును. గిన్నెలోని నీరు 100 డిగ్రీలకు మించి కాగదు గనుక మైనము అంటుకొనునను భయముండదు. డబ్బాను నేరుగా పొయ్యిపై పెట్టరాదు. పొరపాటున మైనము అంటుకొన్నచో నీరు పోయక, మూతవేసి పొయ్యి నార్పవలెను. నీరు ఒక్కసారిగా ఆవిరియై, మండుచున్న మైనమును నలుదెసల చిమ్మును. పిల్లలు ఈ పనిని పెద్దల యెదుటనే చేయవలెను.

పీచును ఉసిరికాయంత ఉండలుగా చుట్టి, పటకారుతో ముంచి తీసి ఆరబెట్టవలెను. ఒక కొసను మాత్రము ముంచక విడువవలెను, అదియే వత్తి.

ఇందలి సూత్రము దేవునియెదుట దీపములో నున్నదే. పీచు వత్తి, మైనము నూనె. తడి కట్టెలోని నీరు ఆవిరియై పోవువరకు అది మండదు. అగ్గిపుల్ల క్షణములో ఆరిపోవును. ఉండ కొన్ని నిమిషములు నిలిచి మండును. దానిపై మొదట సన్నని పుల్లలు, పిదప వ్రేలిలావు పుల్లలు, తుదకు కట్టెలు పేర్చవలెను.

మన జిల్లాలోని నీలగిరి తోపుల దాపున పొయ్యి పెట్టరాదు. ఆ ఆకులలో నూనె కలదు. అంతరగంగ వంటి కొండలపై ఎండుగడ్డికి ఒక్క రవ్వ చాలును. అనుమతి యున్న చోటనే నిప్పు రాజేయవలెను. తిరిగి వచ్చునప్పుడు నీరు పోసి, బూడిదను కలియబెట్టి, మరల పోసి, చేయి దగ్గరనుంచి చూడవలెను. వెచ్చదనము తగిలినచో పని ముగియలేదన్నమాట. నిప్పు రాజేసినవారే దాని నార్పి రావలెను.