గోల్ఫ్ ఆటకు తివాచీ పరిచిన పత్తి గింజ పొట్టు

పత్తి గింజల పొట్టు పశువుల మేతగా మన రైతులకు సుపరిచితమే. ఒకప్పుడు అమెరికాలో వేలాది బుల్లి గోల్ఫ్ మైదానాలకు ఇదే ఆధారమైంది.

బంతిని నేలపై దొర్లించి గుంతలో వేయడాన్ని గోల్ఫ్‌లో 'పటింగ్' అంటారు. ఇందుకు నేల నున్నగా ఉండాలి. పచ్చిక పెంచితే నీటితడి, నిత్యం కోత తప్పవు. మెక్సికోలో పత్తి పండించిన థామస్ ఫెయిర్‌బెయిర్న్ 1922లో ఇందుకు పరిష్కారం కనుగొన్నారు.

తయారీ ఇలా..

చదును చేసిన నేలపై ఇసుక పరిచేవారు. నలగగొట్టిన పొట్టుకు నూనె, ఆకుపచ్చ రంగు కలిపి దానిపై వేసి రోలరుతో తొక్కించేవారు. దీంతో బంతి నిలకడగా దొర్లేది.

లుకౌట్ పర్వతంపై గార్నెట్ కార్టర్ 1920ల చివర్లో నెలకొల్పిన 'టామ్ థంబ్' మైదానానికీ ఈ పొట్టునే వాడారు. ఆయన భార్య ఫ్రీడా బోలు దుంగలు, మరుగుజ్జు బొమ్మలను అడ్డంకులుగా అమర్చి ఆటకు జానపద కథల శోభ తెచ్చారు.

1930 నాటికి ఇలాంటివి ఊరూరా వెలిశాయి. అవసరానికి మించి పెరగడం, ఆర్థిక మాంద్యం ముదరడంతో కొద్ది ఏళ్లకే అధికభాగం మూతపడ్డాయి. ఒకరికి లాభించిందని అందరూ అదే పంట వేస్తే ఏమవుతుందో రైతులకు తెలియనిది కాదు.