ఆరు నెలల తోడు
క్షయ రోగుల కొరకు సేవకులను ఎలా పిలవాలి, ఎలా నిలుపుకోవాలి



పల్స్ పోలియో ఆదివారం బూత్ దగ్గర కూర్చోవడానికి మనుషులు కావాలంటే మన సంఘాల్లో చాలా చేతులు లేస్తాయి. 1995లో మన దేశంలో మొదలైన ఆ కార్యక్రమాన్ని అంగన్‌వాడీ టీచర్లు, కాలేజీ విద్యార్థులు, యువజన సంఘాల పిల్లలు లక్షల సంఖ్యలో భుజాన మోశారు. 2011 జనవరి తర్వాత మన దేశంలో సహజ పోలియో వైరస్ కేసు ఒక్కటీ రాలేదు. 2014 మార్చిలో ప్రపంచ ఆరోగ్య సంస్థ దానిని ధృవీకరించింది. ఒక్కరోజు సేవను ఏటేటా చేస్తే ఎంత పని జరుగుతుందో అది చూపించింది.

అయితే క్షయ (టి.బి.) ఒక్కరోజు పనితో తీరే జబ్బు కాదు. మామూలు క్షయకు మందులు ఆరు నెలలు వాడాలి. మొదటి 2 నెలలు నాలుగు రకాల మందులు, తర్వాత 4 నెలలు మూడు రకాలు. కాబట్టి రోగికి కావలసినది ఆరు నెలల తోడు. అటువంటి తోడుగా ఉండే సేవకులను గురించి ఈసారి వ్రాస్తున్నాము.

మూడవ నెల గండం

మందులు మొదలుపెట్టిన కొన్ని వారాలకే దగ్గు తగ్గుతుంది, జ్వరం పోతుంది, ఆకలి వేస్తుంది. రెండు నెలలు దాటేసరికి రోగి "నాకు నయమైంది" అనుకుంటాడు. పనికి పోతాడు. మందు కడుపులో మంట పెడుతుంది కాబట్టి ఒక రోజు మానతాడు, తర్వాత వారం మానతాడు. కానీ లోపల క్రిములు పూర్తిగా చావలేదు. మిగిలినవి మళ్ళీ పెరుగుతాయి. ఈసారి కొన్ని మందులకు అవి లొంగకపోవచ్చు. అప్పుడు వైద్యం ఇంకా కష్టం, ఇంట్లోవారికి కూడా అదే మొండి జబ్బు సోకే ప్రమాదం ఉంది.

మేము గమనించినది ఏమంటే, సేవకుల ఉత్సాహం తగ్గేది కూడా ఇంచుమించు ఆ సమయంలోనే. మొదటి నెల రోజూ పలకరిస్తారు. రెండవ నెల రోజు విడిచి రోజు. మూడవ నెలలో ఇంట్లో పెళ్ళి, పొలం పని, పిల్లల పరీక్షలు. ఇద్దరూ ఒకేసారి అలసిపోతే మందు ఆగిపోతుంది. అందుచేత సేవకుని బాగోగులు చూడడం కూడా రోగి వైద్యంలో ఒక భాగమే.

వైద్యం ఇంటికి వచ్చిన కథ

ఒకప్పుడు క్షయ వస్తే శానటోరియంకు పోవాలి. మదనపల్లె దగ్గర ఆరోగ్యవరంలో అనేక మిషన్లు కలిసి నడిపిన శానటోరియం 1915లో తెరిచారు. అక్కడ నెలల తరబడి మంచం మీద విశ్రాంతి, మంచి గాలి, మంచి ఆహారమే వైద్యంగా ఉండేవి. 1950లలో మద్రాసులో జరిగిన పరిశోధనలో మందులు సరిగా వాడితే ఇంటి దగ్గర ఉన్నవారికి కూడా శానటోరియంలో ఉన్నవారితో సమానంగా నయమవుతుందని తేలింది. పేదలకు ఇది గొప్ప మేలు. అయితే ఆసుపత్రిలో నర్సు చేతితో ఇచ్చే మాత్రను ఇంటి దగ్గర ఎవరు గుర్తుచేయాలి?

ఆ ప్రశ్నకు జవాబుగా వచ్చినదే డాట్స్ పద్ధతి. హైదరాబాదులో మహావీర్ ఆసుపత్రి 1995లో ఈ పనికి పూనుకొని, చుట్టుపక్కల ప్రైవేటు వైద్యులను, చిన్న నర్సింగ్ హోములను కలుపుకొని రోగికి ఇంటి దగ్గరలోనే ఉచితంగా మందు అందేలా చూసింది. 1997లో ప్రభుత్వం దీనిని జాతీయ కార్యక్రమంగా ప్రారంభించింది, 2006 నాటికి దేశమంతా విస్తరించింది. అంగన్‌వాడీ టీచరు, కిరాణా కొట్టు యజమాని, జబ్బు నయమైన పాత రోగి, ఎవరైనా డాట్స్ ప్రొవైడర్‌గా ఉండవచ్చు. అప్పట్లో వారానికి మూడు రోజులు మందు ఇచ్చేవారు. 2017 నుండి ప్రతిదినం ఇస్తున్నారు. అంటే తోడు అవసరం ఇంకా పెరిగింది.

మన శ్రీరాంపూర్ సంగతి

మనది బొగ్గు బాయిల ఊరు. రాతి ధూళి ఏళ్ళ తరబడి పీల్చి ఊపిరితిత్తులు దెబ్బతిన్నవారికి క్షయ సోకే ప్రమాదం ఎక్కువ. బీడీలు, సిగరెట్లు, మద్యం దానికి తోడవుతాయి. పైగా మొదటి షిఫ్టు, రెండవ షిఫ్టు, రాత్రి షిఫ్టు అని ఇంటి మగవారి వేళలు వారం వారం మారుతాయి. ఉదయం 8 గంటలకు పలకరించడానికి పోయిన సేవకురాలికి రోగి నిద్రలో ఉంటాడు. షిఫ్టు తెలిసిన పక్క క్వార్టరు మనిషి అయితే ఈ చిక్కు రాదు.

ఎవరిని పిలవాలి, ఎలా పిలవాలి

ఆదివారం ఆరాధన తర్వాత "సేవ చేయువారు ముందుకు రండి" అని ప్రకటన చేస్తే చేతులు లేస్తాయి కానీ నిలిచేవారు తక్కువ. ఒక మనిషి ఇంటికి వెళ్ళి, కూర్చొని, పనిని స్పష్టంగా చెప్పి అడగాలి. "మీ వాడలో ఒక్క రోగి. రోజుకు పది నిమిషాలు. ఆరు నెలలు. ఆ తర్వాత మీకు సెలవు." ఇలా అడిగితే ఒప్పుకున్నవారు దేనికి ఒప్పుకున్నారో వారికి తెలుస్తుంది.

ఈ పనికి బాగా నిలిచేవారు జబ్బు నయమైనవారు. "నేను కూడా ఈ మాత్రలు మింగినదాన్నే అక్కా, మూత్రం ఎర్రగా వస్తే భయపడకు" అని ఒక మాట చెబితే మేము అరగంట చెప్పినదానికంటే బాగా పనిచేస్తుంది. రిటైరైన కార్మికులు, స్త్రీల సమాజం సభ్యులు, కుట్టు నేర్చుకొని ఇంటి దగ్గరే పనిచేసుకునే చెల్లెళ్ళు కూడా తగినవారే. షుగర్ అదుపులో లేనివారిని, చంటిపిల్లల తల్లులను, ముఖ్యంగా మొదటి వారాల్లో, ఈ పనికి పిలవకూడదు.

ఒక రోగికి ఇద్దరు సేవకులు ఉండడం మంచిది. బాయిలో రిలీవర్ లేకుండా షిఫ్టు నడవదు కదా! ఒకరికి జ్వరం వస్తే మరొకరు చూసుకుంటారు.

ఏమి నేర్పాలి

1. మాత్రల పట్టీ చూసి, మింగిన గుర్తు కార్డులో వేయడం.
2. కళ్ళు పచ్చబడినా, వాంతులు ఆగకపోయినా, చూపు మసకబారినా అదే రోజు ఆసుపత్రికి తెలియజేయడం. మందు తగ్గించడం, మార్చడం సేవకుని పని కాదు.
3. ఇంట్లో ఇంకెవరికైనా రెండు వారాలకు మించి దగ్గు, సాయంత్రం జ్వరం, బరువు తగ్గడం ఉంటే కళ్ళె పరీక్షకు పంపడం.
4. గుట్టు కాపాడడం. ఇది అన్నిటికంటే ముఖ్యం. పెళ్ళి కావలసిన పిల్ల ఉన్న ఇంట్లో వాకిట్లో నిలబడి "టి.బి. మందు వేసుకున్నావా" అని కేకవేస్తే ఆ ఇల్లు మళ్ళీ తలుపు తీయదు. ప్రార్థన మనవుల్లో కూడా వారి అనుమతి లేకుండా జబ్బు పేరు చెప్పకూడదు.

సేవకులకు మనం ఏమి ఇవ్వాలి

సేవ అంటే ఉచితమే, కానీ సేవకుని జేబులో నుండి ఖర్చు కాకూడదు. బీడీలు చుట్టి బతికే అక్క ఒక పూట మీటింగుకు వస్తే ఆ పూట కూలి పోయినట్టే. ఆటో చార్జీ, ఫోన్ ఖర్చు, ఒక పూట భోజనం సంఘం భరించాలి. డాట్స్ రోజుల్లో ఒక రోగి వైద్యం పూర్తయితే తోడున్నవారికి రూ. 250 ఇచ్చేవారు, తర్వాత అది రూ. 1000 అయింది. అర్హత ఉన్నవారికి అది అందేటట్టు కాగితాల పనిలో మనం సాయపడాలి.

నెలకు ఒకసారి సేవకులందరినీ కూర్చోబెట్టి వారి మాట వినాలి. లెక్కలు అడగడానికి కాదు. "తాగివచ్చి నన్ను తిట్టాడమ్మా" అనేవారికి, తాను చూసిన రోగి చనిపోతే తనదే తప్పు అనుకొని కుమిలిపోయేవారికి ఆ కూటమే ఆదరణ. మూడవ నెలలో నర్సు తప్పకుండా సేవకునితో కలిసి రోగి ఇంటికి వెళ్ళాలి. ఆ ఒక్క సందర్శనం ఇద్దరికీ బలం.

చేయలేనని చెప్పే స్వేచ్ఛ కూడా ఇవ్వాలి. సిగ్గుపడి చెప్పకుండా మానేస్తే రోగి నష్టపోతాడు. ముందుగా చెబితే ఇంకొకరిని చూడవచ్చు.

రోజూ తోడుగా ఉండలేనివారికి ఇంకొక మార్గం ఉంది. 2022 సెప్టెంబరులో మొదలైన నిక్షయ్ మిత్ర పథకం ద్వారా వ్యక్తులు గానీ సంఘాలు గానీ ఒక రోగికి పోషకాహారం ఇచ్చే బాధ్యత తీసుకోవచ్చు. ప్రభుత్వం రోగి బ్యాంకు ఖాతాలో ఆహారం కొరకు 2018 నుండి నెలకు రూ. 500 వేసేది, 2024 నవంబరు నుండి దానిని రూ. 1000 చేసింది. ఖాతా లేక ఆ డబ్బు రాని రోగిని బ్యాంకుకు తీసుకువెళ్ళడం కూడా సేవే. వివరాలకు ఉచిత ఫోన్ నంబరు 1800-11-6666.

సంఘ పెద్దలకు, స్త్రీల సమాజానికి, యువజనులకు మా మనవి ఒక్కటే. ఇరవై పేర్ల జాబితా మాకు వద్దు. ఒక్కొక్క వాడ నుండి ఇద్దరి పేర్లు ఇవ్వండి. వారితో మీరు ముందు మాట్లాడి, పని ఏమిటో చెప్పి పంపండి. వారికి నేర్పడం, ఆరు నెలలు వారి వెంట ఉండడం మా నర్సుల బాధ్యత.