కిలిమంజారో ఆరోహణం

టాంజానియాలోని కిలిమంజారో ఆఫ్రికా ఖండంలో అత్యున్నత పర్వతం. ఎత్తు 5,895 మీటర్లు. షిరా, మావెంజీ, కీబో అనే మూడు అగ్నిపర్వతాల సముదాయమిది. మొదటి రెండూ చల్లారిపోగా, కీబో నిద్రాణస్థితిలో ఉన్నది. మార్గదర్శి లేనిదే ఎవరినీ పైకి అనుమతించరు.

ఆరేడు దినాల ఈ నడక దట్టమైన వర్షారణ్యంలో మొదలవుతుంది. నాచు పట్టిన మహావృక్షాలపై నలుపు తెలుపుల కోలోబస్ కోతులు దర్శనమిస్తాయి. పైకి పోనుపోను చెట్లు తరిగి పొదలు, పొదలు తరిగి గడ్డి, చివరకు బూడిద, లావాశిలలే మిగులుతాయి.

శిఖరంపై వాయుపీడనం సముద్రమట్టంలోని దానిలో సుమారు సగమే. అందుకే మార్గదర్శి అడుగడుగునా ‘పోలే పోలే’ అంటాడు. స్వాహిలీ భాషలో ‘మెల్లగా, మెల్లగా’ అని దానికి అర్థం. కండబలం గల యువకుడైనా తొందరపడితే తలనొప్పితో, వాంతులతో కూలబడవచ్చు. లక్షణాలు ముదిరితే, శిఖరం కనుచూపుమేరలో ఉన్నా మార్గదర్శి వెనుకకు మళ్ళిస్తాడు. యాత్రికునికి అది ఎంత దుస్సహమో ఊహించవచ్చు! కాని మెదడులోనో ఊపిరితిత్తులలోనో నీరు చేరితే ప్రాణాపాయం. వెంటనే కిందికి దిగడమే అప్పుడు ప్రధాన చికిత్స.