ఆ ముక్కుకు జీతం ఎవరిస్తారు?

ఆదోని మార్కెట్ యార్డుకు పత్తి రావడం మొదలైతే ఊరంతటికీ ముక్కు మేలుకుంటుంది. మూట విప్పగానే వ్యాపారి గుప్పెడు పత్తి తీసి పిడికిట్లో నలుపుతాడు. చల్లగా తగిలితే తేమ ఉన్నట్టు. ముక్కు దగ్గర పెట్టుకుంటే, కుప్పలో మాగిందో ఎండలో ఆరిందో తెలిసిపోతుంది. భారత పత్తి సంస్థ (సీసీఐ) కొనుగోలు కేంద్రంలో ఆ పని మీటరు చేస్తుంది. తేమ పన్నెండు శాతం దాటితే కొనరు. మీటరు వచ్చినా పిడికిలి పోలేదు, ముక్కూ పోలేదు.

అదే పత్తి జిన్నింగు ఫ్యాక్టరీలోకి వెళ్ళాక ముక్కు సంగతి తిరగబడుతుంది. అక్కడ ముక్కుకు తువ్వాలు కడతారు. గాలిలో నూగు తేలుతుంటుంది, కనుబొమ్మల మీద తెల్లగా పేరుకుంటుంది. సీజను నడిమికి వచ్చేసరికి దగ్గని వాళ్ళు తక్కువ. "ఏం దగ్గు?" అని ఎవరైనా అడిగితే జవాబు సిద్ధంగా ఉంటుంది: "దుమ్ము దగ్గులే అన్నా."

ఆ "లే" దగ్గరే వస్తుంది చిక్కంతా. దుమ్ము దగ్గు నిజమే. ఏళ్ళ తరబడి పత్తి నూగు పీల్చినవాళ్ళ ఛాతీ పట్టేస్తుంది, దానికి వైద్యంలో వేరే పేరే ఉంది. కానీ అదే దగ్గు మాటున టీబీ కూడా కూర్చోగలదు. రెండు వారాలు దాటిన ఏ దగ్గుకైనా తెమడ పరీక్ష చేయించాలన్నది దేశమంతటా ఉన్న నియమం. దుమ్ములో పనిచేసేవాడికి రెండు వారాల దగ్గు వార్తే కాదు. ప్రపంచంలోని టీబీ కేసుల్లో దాదాపు నాలుగోవంతు మన దేశంలోనే ఉన్నాయి. వాటిలో ఎన్ని ఇలాంటి "లే" చాటున కొన్ని నెలలు దాక్కున్నాయో ఎవరు లెక్కగట్టగలరు?

ఈ దగ్గును వాసన పట్టే ముక్కు ఒకటి లోకంలో ఉంది. అది ఎలుకది.

టాంజానియాలో మోరోగోరో అనే ఊరు. అక్కడి సోకోయిన్ వ్యవసాయ విశ్వవిద్యాలయం ఆవరణలో అపోపో అనే సంస్థ ఎలుకలకు బడి నడుపుతోంది. ఎలుకంటే మన ఇంటి చూరు ఎలుక కాదు. కిలోకు పైబడి తూగుతుంది, బుగ్గల్లో గింజలు దాచుకునే సంచులుంటాయి, ఎనిమిదేళ్ళ దాకా బతుకుతుంది. మనవాళ్ళు చూస్తే పందికొక్కు అనేస్తారు.  మన చేలల్లో పందికొక్కు పేరెత్తితే పొగబెట్టే కుండ గుర్తొస్తుంది. అక్కడ అది ఉద్యోగి.

బెల్జియం దేశస్థుడు బార్ట్ వీట్యెన్స్‌కు చిన్నప్పుడు ఎలుకల్ని పెంచడం సరదా. పెద్దయ్యాక మందుపాతరల గురించి ఆలోచిస్తూ ఆ సరదా దగ్గరికే తిరిగొచ్చాడు. ఎలుక ముక్కు పదును, బరువు తక్కువ, తొక్కినా పాతర పేలదు. 1997లో బెల్జియం ప్రభుత్వ సహకార నిధులతో పని మొదలైంది. క్లిక్ శబ్దం వినగానే తిండి దొరుకుతుందని ఎలుకపిల్లకు నేర్పడం మొదటి పాఠం. తర్వాత వాసన, చివరికి మైదానం. అంతా కలిపి తొమ్మిది నెలల చదువు. జీతం అరటిపండు ముక్క, నాలుగు బుడ్డలు, అంటే వేరుశెనగలు. మన ఎమ్మిగనూరు చేలల్లో కాసే బుడ్డలే, వేరేవి కావు.

మనిషి మెటల్ డిటెక్టరుతో నాలుగు రోజులు తిరగాల్సిన టెన్నిస్ కోర్టంత నేలను ఆ ఎలుక అరగంటలో తేల్చేస్తుంది. పాత రేకు ముక్కలకూ మేకులకూ అది మోసపోదు. దానికి కావలసింది పేలుడు మందు వాసన, ఇనుముతో పనిలేదు. కంబోడియాలో 2016 నుంచి 2021 దాకా పనిచేసిన మగావా అనే ఎలుక 71 మందుపాతరల్నీ, పేలకుండా మిగిలిన 38 గుండ్లనూ పట్టింది. 2020లో బ్రిటన్‌లోని ఒక జంతు సంక్షేమ సంస్థ దాని మెడలో బంగారు పతకం వేసింది. పదవీ విరమణ చేసి, 2022 జనవరిలో కన్నుమూసింది. దాని రికార్డును రోనిన్ అనే మరో ఎలుక 109 పాతరలతో దాటేసింది. కొండను తవ్వి ఎలుకను పట్టారని ఎగతాళి చేసే మనకు, ఎలుకే నేలను తవ్వి మనిషిని కాపాడిందంటే నమ్మడానికి కొంచెం వ్యవధి కావాలి.

టీబీ పని ఇంకా విచిత్రం. క్లినిక్‌లో సూక్ష్మదర్శిని కింద చూసి "ఏమీ లేదు" అని పక్కన పెట్టిన తెమడ డబ్బాలు మోరోగోరోకు వస్తాయి. క్రిములు చచ్చేలా వాటిని ముందు వేడి చేస్తారు. గాజు పెట్టెలో అడుగున వరసగా రంధ్రాలు, ఒక్కో రంధ్రం కింద ఒక్కో నమూనా. ఎలుక ఒక్కొక్కదాన్నీ వాసన చూసుకుంటూ పోతుంది. ఎక్కడైనా మూడు సెకన్లు ముక్కు ఆనించి నిలబడిందంటే అనుమానమన్నమాట. వంద నమూనాలకు ఇరవై నిమిషాలు. ప్రయోగశాల మనిషికి అదే పనికి నాలుగు రోజులు పడుతుంది. ఎలుక మాట మీదే ఎవరికీ మందు మొదలుపెట్టరు. అది అనుమానపడ్డ నమూనాను మళ్ళీ ప్రయోగశాలలో పరీక్షించి తేల్చుకుంటారు. మొదటి పరీక్షలో జారిపోయినవాళ్ళను వెనక్కి పట్టి తేవడం వరకే దాని పని. అంతమాత్రానికే అక్కడి క్లినిక్కుల్లో దొరికే రోగుల సంఖ్య నలభై శాతం దాకా పెరిగిందని ఆ సంస్థ లెక్క.

ఎలుకకు అరటిపండు చాలు. మిగతావాళ్ళకు చాలదు. ఒక్క ఎలుకను తయారుచేయడానికి సుమారు ఆరు వేల యూరోలు ఖర్చవుతుందంటారు. ఆ ఖర్చు వెనుక ఉన్న చేతుల్ని చూస్తే మన పెళ్ళిళ్ళలో చదివింపులు గుర్తొస్తాయి. విశ్వవిద్యాలయం చోటిచ్చింది. మందుపాతరల మైదానం తయారు చేసుకోవడానికి టాంజానియా సైన్యం అండగా నిలిచింది. బెల్జియంలోని ఫ్లాండర్స్ ప్రాంతీయ ప్రభుత్వం ఏళ్ళ తరబడి డబ్బిచ్చింది. టీబీ ఆలోచనకు తొలి ఊతం ప్రపంచ బ్యాంకు పోటీలో గెలిచిన నిధి. కంబోడియాలో ప్రభుత్వ మందుపాతరల కేంద్రమూ, అంగోలాలో నార్వే సాయసంస్థా పనిలో భాగస్వాములయ్యాయి. ఇవన్నీ ఒక ఎత్తు. "ఎలుకను దత్తత తీసుకోండి" అన్న పథకం మరో ఎత్తు. ఎక్కడో ఐరోపాలో ఒక బడిపిల్ల నెలనెలా కొంత కడితే, మోరోగోరోలో ఒక ఎలుక తిండీ చదువూ సాగుతాయి.

ఇన్ని చేతులెందుకంటే, ఒక్క చేయి వెనక్కి తీస్తే పని ఆగకూడదని. 2025 జనవరిలో అమెరికా తన విదేశీ సాయాన్ని 90 రోజులు నిలిపేసినప్పుడు కంబోడియాలో మందుపాతరల ఏరివేత కొన్నిచోట్ల ఆగింది. నేలలో పాతరలు మాత్రం సెలవు పెట్టలేదు.

మనకు దగ్గరి కథ కూడా ఉంది. 2025 ఫిబ్రవరి 22న శ్రీశైలానికి అవతలి ఒడ్డున, దోమలపెంట దగ్గర శ్రీశైలం ఎడమగట్టు కాలువ కోసం తవ్వుతున్న ఎస్‌ఎల్‌బీసీ సొరంగం కూలి ఎనిమిదిమంది లోపల చిక్కుకుపోయారు. పద్నాలుగో కిలోమీటరు దగ్గర బురద, నీళ్ళు, నుజ్జయిన యంత్రం. సైన్యం వచ్చింది, విపత్తు దళాలు వచ్చాయి, ఉత్తరాఖండ్ సొరంగంలో పేరు తెచ్చుకున్న ర్యాట్ మైనర్లూ వచ్చారు. పేరుకు ఎలుకలే, నిజానికి మనుషులే. చివరికి కేరళ పోలీసుల దగ్గర్నుంచి మాయ, మర్ఫీ అనే రెండు కుక్కలు వచ్చాయి. బెల్జియం మాలినోయిస్ జాతి, త్రిస్సూరు పోలీసు అకాడమీలో శిక్షణ. అంతకుముందు ఏడాది వయనాడు కొండచరియల కింద వెతికిన ముక్కులు. బురద కింద మనిషి వాసన ఎక్కడుందో అవి చూపించాయి. మార్చి 9న ఒక దేహం, 25న మరొకటి బయటికి వచ్చాయి.

అందులో గమనించాల్సింది ఒకటుంది. ఆ రెండు కుక్కల్ని ఆ ప్రమాదం కోసం ఎవరూ కొనలేదు. ఏ ప్రమాదమూ లేని రోజుల్లో కేరళ ఖజానా వాటికి తిండి పెట్టింది, శిక్షకుడికి జీతమిచ్చింది. ప్రమాదం మన దగ్గర జరిగింది. ముక్కు అప్పుడే దొరకదు, ముందే పెంచి ఉండాలి.

మళ్ళీ టీబీకి వస్తే, క్షయ మీద ఇన్ని చేతులు కలవడం రాయలసీమకు కొత్తేమీ కాదు. మదనపల్లె దగ్గర ఆరోగ్యవరం శానిటోరియం 1915లో తలుపులు తెరిచినప్పుడు, దాని వెనుక ఒక్క మిషన్ కాదు, ఎన్నో మిషన్లు వాటాలు వేసుకున్నాయి. యూనియన్ మిషన్ అన్న పేరే ఆ వాటాల నుంచి వచ్చింది. డెన్మార్క్ వైద్యుడు ఫ్రిమోట్ మోలర్ దాన్ని నడిపాడు. మంచిగాలి, మంచితిండి తప్ప మందులేని కాలమది. తర్వాత మందులొచ్చాయి, రోగిని శానిటోరియానికి తీసుకెళ్ళక్కర్లేదని తేలింది. అప్పుడు జిల్లా మొత్తానికి టీబీ వైద్యం ఎలా అందించాలో పరీక్షించడానికి బెంగళూరులోని జాతీయ క్షయ సంస్థ ఎంచుకున్నది ఆదోనికి పొరుగునే ఉన్న అనంతపురం జిల్లాను, 1961లో. దేశం నేర్చుకున్న ఆ పాఠం మన పక్కింటి పలక మీదే దిద్దారు.

కాబట్టి మోరోగోరో ఎలుక ఆదోనికి రావాలని నేననను. మన దగ్గర ఇప్పుడు గోవాలో తయారయ్యే ట్రూనాట్ యంత్రం ఉంది, బ్యాటరీతో నడుస్తుంది, గంటల్లో ఫలితమిస్తుంది. ముక్కు కొరత మనకు అంత లేదు. కొరత మరోచోట ఉంది, దాని పేరు సుగ్గి.

కోసిగి, మంత్రాలయం, ఆదోని, ఎమ్మిగనూరు పల్లెల్లో వర్షాధారపు చేను ఒక్క పంటతో ముగిసిపోతుంది. తుంగభద్ర దిగువ కాలువ అందరి పొలాల్లోంచీ పోదు. పంట చేతికొచ్చాక ఇంటికి తాళం. పత్తి ఏరడానికి తెలంగాణకు, మిరపకాయలు కోయడానికి గుంటూరు, పల్నాడు వైపుకు, కట్టడం పనులకు బెంగుళూరుకు. దాన్నే ఇక్కడ సుగ్గికి పోవడమంటారు. బడిలో పిల్లల హాజరు పడిపోతుంది, వీధిలో ముసలివాళ్ళు మిగులుతారు. తెమడ డబ్బా ఇచ్చిన మనిషి ఫలితం వచ్చేసరికి మిరప చేలో ఉంటాడు. అక్కడ మిరప ఘాటుకు అందరూ దగ్గుతుంటారు. మళ్ళీ అదే "లే".

టాంజానియావాళ్ళకూ ఇదే అయింది. ఎలుక వాసన పట్టింది, ప్రయోగశాల రూఢి చేసింది, ఈలోగా రోగి కనబడకుండా పోయాడు. దారుస్సలాంలో వాళ్ళు చేసిన పని నాకు ఎలుక కంటే గొప్పగా తోచింది. ఫలితాన్ని ఒక్క రోజులో ఇవ్వడం మొదలుపెట్టారు. ఒకప్పుడు టీబీ వచ్చి నయమైనవాళ్ళ సంఘంతో చేయి కలిపారు. చీటీలో చిరునామా సరిగా లేకున్నా, ఆ సందులు తెలిసిన మనుషులు వెళ్ళి తలుపు తట్టారు. మన దగ్గర కూడా నయమైనవాళ్ళను టీబీ ఛాంపియన్లంటారు. ఆశా కార్యకర్త సరేసరి. ఏ గడపలో ఎవరు దగ్గుతున్నారో, వాళ్ళు ఏ మేస్త్రీ వెంట ఏ ఊరు పోయారో ఆమెకు తెలుసు. ఆమె ముక్కుకు సాటి రాగల యంత్రం లేదు. ఇంత తెలిసిన ఆ ముక్కుకు నెలజీతం లేదు, గౌరవ వేతనమే.

ఇక్కడ దత్తతకొచ్చేది ఎలుక కాదు, రోగి. 2022 సెప్టెంబరులో మొదలైన నిక్షయ్ మిత్ర పథకంలో ఒక వ్యాపారి, ఒక మిల్లు, ఒక సంఘం, ఎవరైనా సరే, ఒక రోగికి కనీసం ఆరు నెలలు పోషకాహారపు పొట్లం ఇస్తామని మాటివ్వొచ్చు. ప్రభుత్వం 2018 నుంచి రోగి ఖాతాలో నెలకు 500 రూపాయలు వేసేది, 2024 నవంబరు నుంచి అది 1000 అయింది. తిండి సరిగా లేని ఒంటికి టీబీ మందు ఒక్కటే చాలదు, ఆ డబ్బూ పొట్లమూ రెండూ అక్కర్లోనివే. చిన్నచిన్న వాటాలు కలిస్తే ఏమవుతుందో ఎమ్మిగనూరుకు వేరే చెప్పక్కర్లేదు. మాచాని సోమప్ప 1938లో చేనేతకారుల సహకార సంఘం నిలబెట్టిన ఊరది.

కానీ దత్తత అడ్రసు మీద జరుగుతుంది, సుగ్గికి అడ్రసుండదు. పొట్లం కోసిగిలో వస్తే తినాల్సినవాడు పల్నాడు చేలగట్టున గుడారంలో ఉంటాడు. మందుకు ఆ ఇబ్బంది కొంత తీరింది. ప్రతి రోగికీ ఇచ్చే నిక్షయ్ నంబరుతో అతణ్ణి వేరే ఊరి ఆస్పత్రికి మార్చొచ్చు. పొట్లమూ ఆ నంబరు వెంటే నడిస్తే? ఆదోని జిన్నింగు మిల్లు మాటిచ్చిన ఆరు నెలల్లో మూడు నెలలు గుంటూరు మిరప యార్డు తీర్చొచ్చు కదా? ఈ కూలీ ఏరిన పత్తితో మిల్లువాళ్ళూ బతుకుతున్నారు, ఈ కూలీ కోసిన మిరపతో యార్డువాళ్ళూ బతుకుతున్నారు.

జనవరిలో ఎమ్మిగనూరు నీలకంఠేశ్వరుడి జాతర అయిపోతుంది. తర్వాత ఏ తెల్లవారుజామున చూసినా పల్లె మొగదల ఒక బొలెరో ఉంటుంది. పైన బియ్యం మూట, రొట్టెల పెనం, చుట్టిన బొంత. సందులో ఇరుక్కుని మేకపిల్ల కూడా ఉండొచ్చు. ఒక ప్లాస్టిక్ కవరులో మాత్రల అట్టలుంటాయి. బండి కదిలేముందు వాటిని లెక్కపెట్టి, "అయిపోకముందే ఫోన్ చెయ్యక్కా" అంటుంది ఆశా కార్యకర్త. చేస్తానంటుంది ఎక్కిన ఆమె. ఆ చేలల్లో సిగ్నల్ ఉంటే చేస్తుంది కూడా.