దూరపు పరుగు – మానవ దేహము



మృగములతో పోల్చినచో మానవుడు మందగామి. లేడి మాట యటుంచి, వీథికుక్కను తఱిమినను మనకు చిక్కదు. అందుచే పరుగు మన జాతికి సహజము కాదని పలువురు తలంతురు. కొలది దూరమునకు మాత్రమే ఆ మాట చెల్లును. దూరము పెరిగి యెండ ముదిరినచో లెక్క మాఱును.

పరుగెత్తు ప్రాణి యొంట పుట్టు వేడిమి వెలికి పోవలయును. లేనిచో నెంత బలిసిన మృగమైనను కూలును. కుక్క నాలుక వ్రేలవైచి వగర్చుచు వేడిమిని వెడలించుకొనును. కాని దౌడుతీయునప్పుడు దాటునకొక్క యూపిరి చొప్పుననే యాడును గనుక వగర్చుటకు వీలు చిక్కదు; చల్లబడుటకై నిలువవలసినదే. మనకట్టి నిర్బంధము లేదు. మన చర్మమున 20 లక్షలకు తక్కువ కాని స్వేదగ్రంథులు కలవు, రోమమా, పలుచన. చెమట యారుచు వేడిమిని గొనిపోవును. గుఱ్ఱమునకును చెమట పట్టును. కావుననే యది మనకు గట్టి జోడు. వేల్సు దేశమున 1980లో మొదలైన మనుష్యుల, గుఱ్ఱపు రౌతుల పందెమున పరుగెత్తు మనుష్యుడు తొలిసారి గెలిచినది 2004లోనే. ఆతడు హ్యూ లాబ్.

ఆఫ్రికాలో కలహారి యెడారియందు సాన్ జాతి వేటగాండ్రు కూడూ అను పెద్ద కొమ్ముల మృగమును మిట్టమధ్యాహ్నమున వెంబడించెడివారు. అది నీడన నిలిచినంతనే అడుగుజాడ పట్టి వచ్చి మఱల లేవగొట్టెడివారు. ఇట్లు గంటలు గడచునప్పటికి ఆ మృగము కదలలేక నిలిచిపోవును.

బ్రాంబుల్, లీబర్మన్ అను అమెరికా పండితు లిద్దఱు 2004లో ‘నేచర్’ పత్రికయందు ఈ విషయమును ఎముకలనుబట్టి చర్చించిరి. మన మడమపైని పొడవైన నరము పరుగున సాగి, వింటినారివలె తిరిగి యెగురవేయును. మెడ వెనుక తలను నిలుపు పట్టె గుఱ్ఱమునకును మనకును కలదు, చింపాంజీకి లేదు. సమతలమున నడచునప్పుడు మెత్తగా నుండు పిఱుదు కండ పరుగున బిగిసి, మొండెము ముందునకు తూలకుండ పట్టును. చేయి వైచి చూచుకొనవచ్చును. వయసు మీఱినవారు మనుమలచే చేయింతురు గాక. ఇదంతయు నడకకై యేర్పడినదే యని వాదించువారును కలరు. నడకలో ఆ మడమనరము వలన లాభ మంతగా లేదు గనుక, నాకు మొదటివారి పక్షమే యుక్తముగా తోచుచున్నది.

అయినను కారిపోవు చెమట చల్లార్పదు, ఆరినదే చల్లార్చును. కోస్తా జిల్లాల యుక్కపోతలో గాలి తేమతో నిండియుండుటచే చెమట యారదు. పోలీసు కొలువులకై పరుగు సాధించు పిల్లలను అట్టి వేళ పోనీయకుడు. వేసవి యలవాటగుటకు రెండు వారములు పట్టును. పరుగున నెవ్వడైన మాట తడబడి తూలినచో, వెంటనే నీడకు చేర్చి ఒడలెల్ల నీళ్లు పోసి విసరుడు. అదే సమయమున వైద్యునికి కబురంపుడు.